ఆత్మకూరు: అన్నం వచ్చే దారులు

తెలుగుదేశంలో ఆత్మకూరు అనే పేరుగల ఊళ్ళు చాలా ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, కృష్ణకు అవతల పాలమూరు వైపు ఒకటి. అంతెందుకు, నంద్యాల దగ్గిరలోనే బండి ఆత్మకూరు అని మరొకటి ఉంది. మనం వెళ్ళబోయేది నల్లమల అడవి మొదట్లో ఉన్న ఆత్మకూరుకు. ఇది చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

నంద్యాలలో బస్సెక్కి, వెలుగోడు మీదుగా ఉత్తరంగా వెళ్ళండి. కుడివైపున కిటికీ పక్క చోటు దొరికితే మరీ మంచిది. ఆ పక్కన దారిపొడుగునా నల్లమల కొండలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. ఎడమవైపున నల్లరేగడి పొలాలు. ఆత్మకూరులో దిగారంటే ఒక పక్క అడవి, ఒక పక్క పొలం, మధ్య బజారు.

కొత్త ఊరు చూడబోతే మనం ముందుగా గుడి ఎక్కడ, కోట ఎక్కడ అని అడుగుతాం. ఆత్మకూరు వెళ్ళినప్పుడు మరొక ప్రశ్న కూడా అడగండి: "ఇక్కడి వారికి అన్నం ఏ దారిన వస్తుంది?" ఇది తిండిపోతు ప్రశ్న అనుకోకండి! ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఒకరి ఇల్లు గుండ్రంగానూ ఇంకొకరి ఇల్లు చదరంగానూ ఎందుకుందో, ఒకరు దొరికింది పంచుకుంటే మరొకరు దాచుకుని తాళం ఎందుకు వేస్తారో, ఎవరి పిల్లలు బడికి పోతారో, ఎవరి పిల్లలు పోలేకపోతారో కూడా తెలుస్తుంది.

ముందు అడవిలోకి పోదాం. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే రోడ్డు నల్లమలలోంచే పోతుంది. ఈ అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ అదే పెద్దది. పులులు తిరిగే చోటు గనక రాత్రివేళ ఈ రోడ్డు మీద బండ్లను వదలరు. దారిలో బైర్లూటి అనే చెంచుగూడెం ఉంది. రోడ్లు లేని రోజుల్లో శ్రీశైలం యాత్రికులు ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచే పోయేవారు. ఇప్పటికీ శివరాత్రికీ ఉగాదికీ ఎందరో ఆ దారినే నడుస్తారు. ముఖ్యంగా కన్నడదేశపు భక్తులు ఉగాదికి గుంపులు గుంపులుగా వస్తారు. వెనకటి రోజుల్లో ఆ యాత్రికులను మెకాల నుంచీ దొంగల నుంచీ కాపాడి దారి దాటించేవారు చెంచులే. అందుకు యాత్రికులు వారికి రుసుం చెల్లించేవారు.

చెంచులు తరతరాలుగా అడవి ఇచ్చేదాని మీదే బతికారు. గడ్డలూ దుంపలూ తవ్వుకోవటం, ఇప్పపువ్వు ఏరుకోవటం, తేనె తీయటం, విల్లమ్ములతో వేటాడటం: ఇవే వారి పనులు. నేలను దున్నేవారు కారు, విత్తేవారు కారు. గడ్డలు తవ్వటానికి ఇనపమొన ఉన్న కర్ర ఒకటి ఉంటే చాలు. ఒకచోట గడ్డలు అయిపోతేనో, ఎండలకు వాగు ఎండితేనో మరొక చోటికి పోవాలి. అలా కాపురం మార్చుకునేవాడు రాతి మిద్దె కట్టుకుని ఏం చేస్తాడు? అందుకే చెంచుల పాత ఇల్లు గుండ్రటి చిన్న గుడిసె. చుట్టూ కర్రల దడి, పైన గొడుగులాంటి గడ్డికప్పు. పడిపోతే మళ్ళీ కట్టుకోవటానికి పెద్ద శ్రమ లేదు.

వేట దొరికితే దాన్ని గూడెం అంతా పంచుకునేవారు. "ఎంత మంచివాళ్ళో!" అంటారు మీరు. మంచివాళ్ళే. కాని అందులో తెలివి కూడా ఉంది. మాంసం నిలవ ఉండదు. ఈ రోజు దొరికినవాడికి రేపు దొరకకపోవచ్చు. తాను తిని మిగిలింది కుళ్ళబెట్టే బదులు పక్కవాడికి పెడితే, తనకు దొరకని రోజున వాడు పెడతాడు. అంటే పక్కవాడి కడుపే వారికి గాదె అన్నమాట. ఆ గాదెకు తాళమూ అక్కర్లేదు, ఎలకల భయమూ లేదు!

తేనె సంగతి మరీ తమాషాగా ఉంటుంది. పెద్ద తేనెపట్టులు కొండచరియలకు వేళ్ళాడుతూ ఉంటాయి. పైనుంచి తాడు వదిలి, దాన్ని పట్టుకుని దిగాలి. కింద లోయ. పైన తాడు కాసేవాడు చెయ్యి వదిలితే ఇక ఏమీ మిగలదు. మరి తాడు కాసేవాడు ఎవరై ఉండాలి? అన్నా? తమ్ముడా? కాదు, బావమరిది అని చెబుతారు చెంచులు. బావమరిది తన తోబుట్టువు పసుపుకుంకుమలు తానే తుడిచివేయడు గదా! చూశారా, ఒక వృత్తిలోని ప్రమాదం చుట్టరికానికి కూడా ఒక పని అప్పజెప్పింది.

ఇదంతా చదివి, చెంచులు లోకంతో పనిలేకుండా బతికారనుకుంటే పొరపాటు. బాణపుమొనకు ఇనుము కావాలి, ఒంటికి బట్ట కావాలి, కూరకు ఉప్పు కావాలి. ఇవి అడవిలో కాయవు. తేనే, జిగురూ, చింతపండూ ఇచ్చి వాటిని తెచ్చుకునేవారు. బేరంలో మోసపోయేవారు కూడాను. అడవి సరుకును నేరుగా కొనటానికి 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. మీ ఇంట్లో ఆ సంస్థవారి తేనె సీసా ఉందేమో చూడండి.

అన్నం వచ్చే దారిని బట్టి మానవ సంఘాలు మారుతాయన్న ఆలోచన చాలా పాతది. 1760ల్లో స్కాట్లండులో ఆడం స్మిత్ అనే పండితుడు తన విద్యార్థులకు ఇదే విషయం చెప్పాడు. మనుషులు మొదట వేటగాళ్ళు, తరవాత పశువుల కాపరులు, ఆ తరవాత వ్యవసాయదారులు, చివరకు వర్తకులు అయినారనీ, ఆస్తీ చట్టమూ ప్రభుత్వమూ వెంట వెంట మారాయనీ అతని వాదం. వాదంలో నిజం ఉంది. కాని దీన్ని నిచ్చెనగా భావించి, చెంచువాణ్ణి కింది మెట్టు మీదా మనల్ని పై మెట్టు మీదా నిలబెట్టేవారు ఉన్నారు. అది తప్పు. ఆత్మకూరు చుట్టుపక్కల ఈ దారులన్నీ ఒకే కాలంలో పక్కపక్కనే సాగాయి. చెంచువాడు మన తాతల కాలంలో ఆగిపోయినవాడు కాడు. అతడిదీ మనదీ ఒకే సంవత్సరం, ఒకే పంచాంగం.

ఇక కాలం లెక్క కావాలంటే ఇదే జిల్లాలో బనగానపల్లె వైపున జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల తవ్వితే తెల్లటి బూడిదపొర బయటపడింది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం బద్దలై, ఆ బూడిద సముద్రం దాటి ఇంతదూరం వచ్చి పడింది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంటే బూడిద పడకముందే ఇక్కడ మనుషులున్నారు. మన దక్షిణ దేశంలో పశువులను పెంచటం, పైరు పెట్టటం మొదలై సుమారు 5,000 ఏళ్ళు. పాలమూరు వైపు ఉట్నూరులో ఆ కాలపు పశువుల దొడ్లలో పేడ కాలి మిగిలిన పెద్ద బూడిదదిబ్బను తవ్వి చూశారు. ఆ 74,000 ఏళ్ళనూ ఒక రోజుగా లెక్కిస్తే, వ్యవసాయం వచ్చి గంటన్నర దాటింది. ఆత్మకూరు ప్రాంతానికి కాలవ వచ్చి మూడు నిమిషాలు! మిగతా రోజంతా వేటా, ఏరుకోవటమే.

ఇప్పుడు పల్లెకు వద్దాం. నల్లరేగడి పొలంలో గొర్రుతో విత్తుతారు, గుంటకతో కలుపు తీస్తారు. జొన్నా, కొర్రా, పత్తీ, శనగా ఇక్కడి పాత పంటలు. రేగడి నేలకు ఒక గొప్ప గుణం ఉంది. ఒకసారి బాగా తడిస్తే ఆ తేమను చాలాకాలం పట్టి ఉంచుకుంటుంది. అందుచేత వర్షం తక్కువైనా జొన్న పండుతుంది.

జొన్న మాంసంలాంటిది కాదు. ఎండబెడితే నిలవ ఉంటుంది. నేలలో పాతర తీసి, గింజలు పోసి, మూత వేసి మన్ను కప్పితే మరుసటేటికి కూడా పనికివస్తుంది. మొత్తం కథను మలుపు తిప్పింది ఈ నిలవ ఉండే గుణమే. నిలవ ఉండేదానికి కాపలా కావాలి. నీదెంత నాదెంత అని కొలత కావాలి. కొలత రాయటానికి కరణం కావాలి. నిలవ ఉన్నవాడు లేనివాడికి అప్పు పెట్టవచ్చు. అప్పుకు వడ్డీ గుంజవచ్చు. రాజు పన్ను అడగవచ్చు. చెంచుగూడెంలో ఎవడైనా అప్పు పెడతానంటే, ఏం పెడతాడు? నిన్నటి కుందేలునా?

పంట వచ్చిన రోజున కళ్లంలో కమ్మరికి ఇంత, వడ్రంగికి ఇంత, కుమ్మరికీ చాకలికీ మంగలికీ ఇంత అని గింజలు కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అనేవారు. గొర్రు చెక్కేవాడూ, కర్రు కాచేవాడూ ఏడాదంతా పనిచేసి, కళ్లం నాడు ఫలితం తీసుకునేవారు. ఇందులో నమ్మకం ఉంది, కాని అన్యాయం కూడా చాలా ఉంది. తండ్రి పనే కొడుకు చెయ్యాలి. కొందరికి నేలే దక్కదు. అందరికన్నా కష్టపడేవారికే చివరి చేట. మీ తాతలకు ఈ మేర సంగతి తెలిసి ఉండవచ్చు, అడిగి చూడండి. ఎవరు ఎంత కొలిచారని అడగటంతో ఆగక, ఎవరు దూరంగా నిలబడ్డారని కూడా అడగండి.

పల్లెలో ఇళ్ళు మిద్దెలు. చదును పైకప్పు మీద మిరపకాయలు ఎండబోస్తారు, ఎండాకాలం పడుకుంటారు. వానలు ఎక్కువగా పడే కోనసీమలో ఇటువంటి కప్పు నిలవదు. నిలవ ఉండే పంట, తక్కువ వాన, కదలని కాపురం: ఈ మూడూ కలిసి ఆ మిద్దెను కట్టాయి.

ఆత్మకూరు ప్రాంతంలో సుగాలీల తండాలు కూడా ఉన్నాయి. సుగాలీలు, అంటే లంబాడీలు, ఒకప్పుడు వందలాది ఎద్దుల మీద ధాన్యమూ ఉప్పూ వేసుకుని దేశమంతా తిరిగిన సరుకు రవాణాదారులు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది. వంద ఎద్దులు మోసే బరువును ఒక పెట్టె మోసుకుపోసాగింది. సుగాలీల ఎద్దులు ఓడిపోయాయి, తిరిగే జనం తండాలు కట్టుకుని సాగులోకి దిగారు. దేశంలో ఇలా బతుకుతెరువు పోగొట్టుకుని తిరిగిన ఎన్నో తెగలను, ఆదుకోవలసింది పోయి, "నేరస్థ జాతులు" అని పేరుపెట్టి జాబితాకు ఎక్కించే చట్టం 1871లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక గాని అది పోలేదు.

ఇక కాలవ కథ. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి.

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గిర ఆనకట్ట కట్టి, నీటిని కర్నూలు మీదుగా కడప దాకా తీసుకుపోవాలని ఒక ఇంగ్లీషు కంపెనీ పూనుకున్నది. 1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతానికి కాలవ తవ్వారు. పొడుగు సుమారు 300 కిలోమీటర్లు. కృష్ణ వైపు పారే నీటికీ పెన్న వైపు పారే నీటికీ మధ్య ఉన్న మెరకను మిట్టకందాల దగ్గిర తవ్వి దాటించారు. పొలాలకు నీరు, కాలవలో పడవలు, కంపెనీకి లాభం అని లెక్క వేశారు. నీరు వచ్చింది. లాభం రాలేదు! రైతులు నీరు పెట్టుకోలేదు.

"అయ్యో, ఏం మూర్ఖులు!" అని కంపెనీవారు అనుకునే ఉంటారు. రైతు దృష్టితో చూడండి. రేగడిలో జొన్న నీరు పెట్టకుండానే పండుతుంది. వరి వెయ్యాలంటే పొలాన్ని చదును చెయ్యాలి, గట్లు పొయ్యాలి, మరిన్ని ఎద్దులు కావాలి, నాట్లకు బోలెడుమంది కూలీలు కావాలి, నీటి తీరువ కట్టాలి. జొన్న సంకటి తినే ఇల్లు వరి అన్నానికి మారాలి. అంటే నీటితోపాటు ఊరు ఊరంతా మారాలి. ఆ మార్పుకు కావలసిన డబ్బును కంపెనీ ఇవ్వలేదు, రైతు దగ్గిర లేదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఈ జిల్లా ఘోరంగా దెబ్బతిన్నది. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య జిల్లా జనం నాలుగోవంతు దాకా తగ్గిపోయారు. చివరకు 1882లో ప్రభుత్వం కాలవను కొనుక్కున్నది. తరవాత ఎన్నో ఏళ్ళకు నెమ్మదిగా వరి నిలదొక్కుకుని, నేడు నంద్యాల వైపు బియ్యానికి ఎంత పేరు వచ్చిందో మీకు తెలుసు.

ఇప్పుడు మళ్ళీ చెంచుగూడెం వైపు చూడండి. కాలవ కొనుక్కున్న ఆ 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది. 1972 చట్టంతో వేట నిషేధమైంది. 1983లో పులుల అభయారణ్యం వచ్చింది. పులిని కాపాడవలసిందే, సందేహం లేదు. కాని చెంచుల అన్నం వచ్చే దారి ఒక్కొక్క గజమే మూసుకుపోయింది. "ఇక సేద్యం చేసుకోండి" అని నేలా, ఎద్దులూ ఇచ్చి చూశారు. కొందరు నిలదొక్కుకున్నారు, చాలామంది నిలదొక్కుకోలేదు. "ఎంత ఇచ్చినా చెంచులు సేద్యం చెయ్యరండీ" అనేవారు మీకు ఆత్మకూరు బజారులోనే దొరుకుతారు.

అటువంటివారికి మీరు కాలవ కథ చెప్పవచ్చు. తరతరాల సేద్యగాడే జొన్న నుంచి వరికి మారలేక ఏళ్ళ తరబడి తటపటాయించాడు. ఇక గడ్డల నుంచి జొన్నకు మారటం ఎంత కష్టం? గడ్డ తవ్వినవాడు ఆ పూటే తింటాడు. విత్తినవాడు నాలుగు నెలలు ఆగాలి. ఆ నాలుగు నెలలూ ఏం తినాలి? పాతర లేదు. అప్పు చెయ్యాలి, లేదా ఎద్దును అమ్మాలి, లేదా ఇంకొకరి చేలో కూలికి పోవాలి. కూలికి పోతే తన చేలో కలుపు ఎవరు తీస్తారు? 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, అడవిలో తరతరాలుగా ఉన్నవారి నేలకూ, అడవి సరుకు సేకరించుకునే హక్కుకూ గుర్తింపు ఇచ్చింది. నన్నడిగితే, ఆ ఆలోచన నూటపాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

అన్నం దారి మారినప్పుడు దాని బరువు పిల్లల మీద పడటం కూడా ఈ జిల్లాలో జరిగింది. మన దేశంలో మొదటి సంకర పత్తి విత్తనం 1970లో వచ్చింది. ఆ విత్తనం తయారుచెయ్యటానికి సాయంత్రం ప్రతి మొగ్గనూ విప్పి కేసరాలు గిల్లివేయాలి, మర్నాడు పొద్దున ఇంకొక రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. యంత్రం చెయ్యలేని పని. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో విత్తన పత్తి సాగు జోరుగా సాగిన 1990ల్లో, 2000ల్లో, వేలమంది పిల్లలు, వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు, బడి మాని ఈ పనికి పోయారు. "చిన్నవేళ్ళయితే మొగ్గ నలగదు" అనేవారు. అసలు సంగతి చిన్నవేళ్ళకు చిన్న కూలి! 2009లో నిర్బంధ విద్యా హక్కు చట్టం వచ్చింది. 2016లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవటాన్ని చట్టం నిషేధించింది, సొంతింటి పనికి బడివేళలు తప్పించి సాయపడటం మినహా. మీరు ఈ పత్రిక చదువుతున్నారంటే మీ వేళ్ళ మధ్య పుస్తకం ఉన్నట్టే. మీ వయసు పిల్ల ఎవరైనా పత్తిచేలో కనిపిస్తే, ఎందుకున్నదని మీ పంతులుగారిని అడగండి.

చివరగా, వేసవిలో వెళితే సంగమేశ్వరం కూడా చూసిరండి. కృష్ణా తుంగభద్రలు కలిసేచోటికి ఆత్మకూరు వైపు నుంచి భవనాశి కూడా వెళ్ళి చేరుతుంది. అక్కడి గుడి 1981 నుంచీ శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో చాలాభాగం మునిగే ఉంటుంది. నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. గుడితోబాటు రెండు గట్ల మీదా సుమారు 100 గ్రామాలు మునిగాయి. గుడి ఏటా ఒకసారి పైకి వస్తుంది గాని ఆ గ్రామాల కళ్లాలూ, పాతరలూ, మేరలూ మళ్ళీ రాలేదు. ఆ జలాశయం నుంచి బయలుదేరిన నీరే వెలుగోడు చెరువులో ఆగి, తెలుగుగంగ పేరుతో సాగిపోయి 1996లో మద్రాసు చేరింది. మీరు బస్సు కిటికీలోంచి చూసిన వెలుగోడు నీటిలో కొంత ఎక్కడో పట్నంలో ఒకరి బిందెలోకి పోతుందన్నమాట.

నల్లమలలో ఇప్పుడు కొందరు చెంచు యువకులు అటవీశాఖలో కాపలాదార్లుగా ఉన్నారు. అడవి లోపలి శిబిరాల్లో ఉంటూ పులి జాడలు వెతకటం, వేటగాళ్ళను పట్టించటం వారి పని. ఇసకలో పాదముద్ర చూసి, పులి ఏ వైపు వెళ్ళిందో, వెళ్ళి ఎంతసేపు అయిందో చెప్పే విద్య తాతల నుంచి వచ్చిందే. వారి తాతలు ఆ జాడ చూసి ఆ పూట తిండి వెతుక్కునేవారు. మనవడు జాడ చూసి పుస్తకంలో రాసుకుంటాడు, నెల తిరిగాక జీతం తీసుకుని ఆత్మకూరు బజారుకు వచ్చి బియ్యం కొంటాడు.